త్రీ వుడ్ పక్కన పెట్టండి సార్, సెవెన్ వుడ్‌తో మొదలుపెట్టండి

సార్, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు 61, ఉద్యోగం అయిపోయాక అనంతపురం నుంచి బెంగళూరులో కొడుకు ఇంటికి వెళ్ళి వస్తూ రెండేళ్ళ కింద గోల్ఫ్ మొదలుపెట్టారు, డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే కర్ర) కొడితే బంతి దొర్లింది కూడా కలుపుకొని 175 గజాలు పోతుంది, ఐరన్లు (పలచటి తల ఉన్న కర్రలు) ఫరవాలేదు. కానీ అబ్బాయి కొనిచ్చిన త్రీ వుడ్ (నేల మీది బంతిని దూరంగా కొట్టే పెద్ద తల కర్ర) మాత్రం పదిసార్లు కొడితే ఆరుసార్లు నేలబారుగా పాకుతుంది, రెండుసార్లు కుడివైపు చెట్లలోకి పోతుంది. స్వింగ్ నెమ్మదిగా ఉన్నవాళ్ళకు తప్పు కాచే ఫెయిర్‌వే వుడ్ (ఈ త్రీ వుడ్ రకం కర్ర) ఏదైనా ఉందా, లేక ఈ వయసులో వుడ్లు వదిలేసి ఐరన్లతోనే సరిపెట్టుకోవాలా అని అడిగారు. వదిలేయొద్దు సార్. మీ స్వింగ్‌లో పెద్ద తప్పేమీ ఉన్నట్టు నాకు అనిపించలేదు. డ్రైవర్ తగులుతోంది, ఐరన్లు తగులుతున్నాయి, ఒక్క త్రీ వుడ్డే తగలట్లేదంటే చూడాల్సింది మనిషిని కాదు, ఆ కర్రని.

నాకు ఇప్పుడు 68. మనది కూడా అనంతపురమే. 1997లో బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఆట నేర్చుకున్నాను, రిటైర్ అయి ఊరికి వచ్చేశాక నెలకు రెండుసార్లు బెంగళూరు పోయి ఆడి వస్తాను. మిగతా రోజుల్లో చెనిక్కాయ పంట తీసేసిన చేనులో చాప వేసుకుని, ముందర వల కట్టుకుని కొట్టుకుంటాను. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మీరు ఇప్పుడు పడుతున్న బాధ నేను ఆరేళ్ళు పడ్డాను. నా దగ్గర ఉన్నది కూడా 15 డిగ్రీల త్రీ వుడ్, స్టిఫ్ షాఫ్ట్ (సులువుగా వంగని కాడ). టీవీలో చూసే ఆటగాళ్ళ సంచిలో అదే ఉంటుంది కాబట్టి మన సంచిలోనూ ఉండాలనుకున్నాను. పదిలో రెండు మూడు బ్రహ్మాండంగా తగిలేవి, ఆ రెండింటి కోసం మిగతా ఎనిమిదీ మర్చిపోయేవాణ్ణి. ఆరేళ్ళ తర్వాత ఒక పెద్దాయన తన సెవెన్ వుడ్ చేతికిచ్చి కొట్టమన్నాడు, మొదటి బంతే పైకి లేచి, మెత్తగా 150 గజాల దగ్గర దిగింది. నా త్రీ వుడ్ బాగా తగిలిన రోజున పోయే దూరం కూడా ఇంచుమించు అంతే. ఆ రోజు నుంచి మళ్ళీ త్రీ వుడ్ ముట్టలేదు.

కాబట్టి నేను చెప్పేది ఒకటే: మీ వేగానికి లాఫ్ట్ కావాలి, అంటే బంతికి తగిలే ముఖం (ఫేస్) వెనక్కి ఎక్కువ వాలి ఉండాలి, ఆ వాలునే డిగ్రీల్లో చెప్తారు. ఏ బ్రాండ్, ఏ మోడల్ అనేవి తర్వాత మాట.

ఎందుకో చెప్తాను. అమెరికాలో ప్రొఫెషనల్ ఆటగాళ్ళు ఆడే పీజీఏ టూర్‌లో మగవాళ్ళ డ్రైవర్ వేగం సగటున గంటకు 115 మైళ్ళ చుట్టుపక్కల, ఎల్‌పీజీఏలో ఆడవాళ్ళది 94, 96 మధ్య. మీరు చెప్పిన 175 గజాలను బట్టి మీది 75, 80 మైళ్ళ మధ్య ఉంటుంది. ఫెయిర్‌వే వుడ్ షాఫ్ట్ డ్రైవర్ కన్నా పొట్టి కాబట్టి వేగం ఇంకో నాలుగైదు మైళ్ళు తగ్గుతుంది. బంతి గాలిలో నిలబడాలంటే వెనక్కి తిరుగుతూ (బ్యాక్ స్పిన్) వేగంగా పోవాలి, ఆ తిప్పుడుకీ బంతి మీది గుంటలకీ గాలి తగిలి బంతిని పైకి మోస్తుంది. వేగం తక్కువైతే ఆ మోత కూడా తక్కువ. అప్పుడు బంతి గాలిలో ఎక్కువసేపు ఉండాలంటే మొదట్లోనే ఎత్తుగా బయల్దేరాలి. అది చేసేది లాఫ్ట్. 15 డిగ్రీల ఫేస్‌తో 75 మైళ్ళ వేగంలో కొడితే బంతి మొదలే తక్కువ ఎత్తులో బయల్దేరుతుంది, పైకి మోసే బలం చాలక తొందరగా కిందికి దిగిపోతుంది. అదే బంతిని 21 డిగ్రీల ఫేస్‌తో కొడితే వేగం కొంచెం తగ్గినా గాలిలో ఎక్కువసేపు ఉంటుంది. అందుకే వేగంగా కొట్టేవాడికి త్రీ వుడ్‌కీ సెవెన్ వుడ్‌కీ మధ్య ముప్పై గజాల పైన తేడా ఉంటే, మనకు పది గజాలు కూడా ఉండదు, ఒక్కోసారి సెవెన్ వుడ్డే ఎక్కువ దూరం పోతుంది.

ఇంకో సంగతి, ఇది మీ తలకు ఎక్కాల్సింది. బంతి లేవట్లేదని మనసులో ఒక్కసారి పడితే, చేతులు దాన్ని కిందినుంచి ఎత్తడానికి చూస్తాయి. చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడినవాళ్ళం కదా, బిళ్ళ చివర కొట్టి లేపి, గాలిలో ఉన్నప్పుడు రెండో దెబ్బ కొట్టే అలవాటు చేతుల్లో ఉండిపోతుంది. గోల్ఫ్ బంతిని మనం లేపనక్కర్లేదు. లేపాలని చూస్తే బరువు వెనక కాలు మీద ఉండిపోతుంది, క్లబ్ నేలకు ముందే తగులుతుంది లేదా పైకి లేస్తూ బంతి నడినెత్తిన తగులుతుంది. మీ ఆరు పాకుడు బంతులు అక్కడినుంచే వస్తున్నాయని నా నమ్మకం. కిందికి చూస్తే ఫేస్ పడుకుని కనిపించే క్లబ్ చేతిలో ఉంటే, అది లేపుతుందిలే అన్న ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం వల్ల చేతులు ఎత్తడం మానేస్తాయి. ఎంత పాఠం చెప్పినా మారని స్వింగ్ ఇలా క్లబ్ మారిస్తే మారిన వాళ్ళను చాలామందిని చూశాను.

నంబర్ల విషయానికి వస్తే, మామూలుగా త్రీ వుడ్ 15 డిగ్రీలు, ఫోర్ వుడ్ 16.5 లేదా 17, ఫైవ్ వుడ్ 18 లేదా 19, సెవెన్ వుడ్ 21 లేదా 22, నైన్ వుడ్ 24 లేదా 25. కానీ అడుగున రాసిన నంబర్ చూసి కొనకండి, డిగ్రీ చూసి కొనండి. కంపెనీకీ కంపెనీకీ తేడా ఉంటుంది. పింగ్ జి425 మ్యాక్స్‌లో సెవెన్ వుడ్ 20.5 డిగ్రీలైతే టేలర్‌మేడ్ సిమ్ మ్యాక్స్‌లో 21. మీకు నా సలహా 21 నుంచి 22 డిగ్రీలది ఒకటి. అది కుదురుకుని, పదికి ఏడెనిమిది గాలిలోకి లేస్తున్నాయి అనుకున్నాక 18 లేదా 19 డిగ్రీలది రెండోది. రెండూ ఒకేసారి కొనొద్దు. సెవెన్ వుడ్ ఆడవాళ్ళదీ ముసలివాళ్ళదీ అని బెంగళూరు కోర్సుల్లో ఎవరైనా అంటే పట్టించుకోవద్దు. 2020 నవంబరులో డస్టిన్ జాన్సన్ మాస్టర్స్ గెలిచినప్పుడు సంచిలో 21 డిగ్రీల సెవెన్ వుడ్ ఉంది. అప్పుడు ఆయన ప్రపంచ నంబర్ వన్, పైగా 268 స్కోరుతో టోర్నమెంట్ రికార్డు. అంత వేగమున్న మనిషికే అక్కరకు వచ్చిన క్లబ్ మనకు నామోషీ కాదు.

ఇక షాఫ్ట్. నాకు తెలిసి మీ అసలు ఇబ్బందిలో సగం ఇక్కడే ఉంది, ఎందుకంటే కుర్రవాళ్ళు నాన్నకు క్లబ్ కొనిచ్చేటప్పుడు తాము కొట్టి చూసి బాగుంది అనుకున్నదే తెస్తారు. షాఫ్ట్ మీద ఎస్ అని ఉంటే స్టిఫ్, ఆర్ అంటే రెగ్యులర్, ఏ అనిగానీ ఆర్2 అనిగానీ సీనియర్ అనిగానీ ఉంటే ఇంకా మెత్తనిది. ఈ అక్షరాలకు అన్ని కంపెనీలకూ కలిపి ఒక కొలత లేదు, ఒకరి రెగ్యులర్ ఇంకొకరి సీనియర్ లాగా ఉండొచ్చు. కాబట్టి అక్షరాన్ని దారి చూపే గుర్తుగా మాత్రమే తీసుకోండి, చేతిలో పట్టి కొట్టి తేల్చుకోండి. మీ వేగానికి సీనియర్ మొదట చూడండి, అది మరీ జారిపోతున్నట్టు, క్లబ్ తల ఎక్కడుందో తెలియనట్టు ఉంటే రెగ్యులర్‌కు రండి. స్టిఫ్ వద్దు. మీలాంటి వేగంలో స్టిఫ్ షాఫ్ట్ వంగదు, ఫేస్ తిరిగి నేరుగా వచ్చేలోపే బంతి వెళ్ళిపోతుంది. చాలామందికి కుడివైపు పోయే బంతికి ఇదొక కారణం.

మెత్తదనం కన్నా బరువు ముఖ్యం అంటాను నేను. మామూలు ఫెయిర్‌వే వుడ్ షాఫ్ట్ 60 గ్రాముల చుట్టూ ఉంటుంది, తేలికవి 45 నుంచి 50 ఉంటాయి. పది గ్రాములు ఏమంత అనిపిస్తుంది, కానీ పద్దెనిమిది హోల్స్‌లో పదమూడో హోల్ దగ్గర, ఏప్రిల్ ఎండలో, ఆ పది గ్రాములు భుజానికి తెలుస్తాయి. అలాగని మరీ తేలిక చేస్తే చేతుల్లో తొందర పుడుతుంది, పైనుంచి దిగేటప్పుడు లయ తప్పుతుంది. మీ ఐరన్లు బాగా తగులుతున్నాయి అన్నారు కదా, వాటి షాఫ్ట్ స్టీలా గ్రాఫైటా చూడండి. స్టీల్ ఐరన్లు 100 గ్రాముల పైన ఉండి, వుడ్ ఒక్కసారిగా 45 గ్రాములైతే రెండూ ఒక చేతికి కుదరవు. అప్పుడు 55 దగ్గర ఆగండి.

పొడవు కూడా చూసుకోండి. త్రీ వుడ్ దాదాపు 43 అంగుళాలు, ఫైవ్ వుడ్ 42 లేదా 42.5, సెవెన్ వుడ్ 41.5 నుంచి 42. పొడవు ఒక్క అంగుళం తగ్గితే ఫేస్ నడుమ తగిలే అవకాశం మీరే చూస్తారు ఎంత పెరుగుతుందో. కొత్తది కొనేముందు ఇప్పుడున్న త్రీ వుడ్‌నే గ్రిప్ మీద ఒక అంగుళం కిందికి పట్టుకుని ఇరవై బంతులు కొట్టండి. అప్పుడే పాకుడు బంతులు ఆరు నుంచి నాలుగుకు దిగితే, పొడవే శత్రువు అని తెలిసిపోతుంది.

క్లబ్ తల గురించి. మీరు వెతకాల్సింది పొట్టి ఫేస్, అంటే కిందినుంచి పైకి ఎత్తు తక్కువ ఉన్నది. గోల్ఫ్ బంతి అడ్డకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదని నియమం, అంటే నేల మీద పెడితే దాని నడుము 21 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఫేస్ బాగా ఎత్తుగా ఉన్న క్లబ్‌లో బాగా తగిలే చోటు దానికన్నా పైన ఉంటుంది, బంతి టీ (బంతిని కాస్త ఎత్తులో నిలిపే చిన్న పుల్ల) మీద ఉంటే సరే గానీ నేల మీద ఉంటే ఎప్పుడూ ఫేస్ కింది అంచుకు తగులుతుంది. బంతిని నేల మీద పెట్టి క్లబ్‌ను దాని వెనక నిలబెట్టి చూడండి, బంతి నెత్తి ఫేస్ పైఅంచుకన్నా పైకి కనిపించాలి. 1990ల మధ్యలో ఆడమ్స్ గోల్ఫ్ వాళ్ళు టైట్ లైస్ అని ఒకటి తెచ్చారు, తల అడుగున వెడల్పుగా, పైకి వచ్చేసరికి సన్నగా, తిరగేసినట్టు ఉండేది. బరువంతా కిందికి పోవడంతో పలచటి గడ్డి మీద కూడా బంతి లేచేది. ఆ ఉపాయం ఇప్పుడు అందరూ ఏదో ఒక రూపంలో వాడుతున్నారు.

తప్పు కాచే గుణం ఎక్కడినుంచి వస్తుందంటే, బరువును తలకు రెండు చివర్లకూ వెనక్కీ జరిపితే వస్తుంది. కావడి మోసేవాళ్ళను చూసే ఉంటారు, బద్దకు రెండు కొసల్లో కుండలు ఉంటే అది గభాలున తిరగదు, అదే బరువు మధ్యలో కట్టుకుంటే చిన్న తోపుకే గిర్రున తిరుగుతుంది. క్లబ్ తల కూడా అంతే. బంతి నడుమ కాకుండా చివరన తగిలినా తల తిరిగిపోకపోతే బంతి దారి తప్పదు, దూరం కూడా పెద్దగా తగ్గదు. అందుకని పైనుంచి చూసినప్పుడు ముందునుంచి వెనక్కి కొంచెం పొడుగ్గా, పెద్దగా కనిపించే తల తీసుకోండి. చిన్న తల, ముచ్చటైన తల చూసి మురిసిపోవద్దు. (వుడ్ అనే పేరు ఎందుకంటే ఒకప్పుడు ఈ తలలు పెర్సిమన్ చెక్కతో చేసేవాళ్ళు, ఆ చెట్టు మన అడవుల్లో బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టు జాతిదే. 1979లో గ్యారీ ఆడమ్స్ టేలర్‌మేడ్ పెట్టి స్టీల్ తల తెచ్చాకే చెక్క వెనకబడింది. లోహం గుల్లగా చేయొచ్చు కాబట్టే బరువును మనకు కావలసిన చోటికి జరపడం కుదిరింది.)

కుడివైపు పోయే రెండు బంతుల గురించి: వాటి కోసం డ్రా బయాస్ అని, మడమవైపు (తలలో షాఫ్ట్ కలిసే వైపు) బరువు పెట్టి ఫేస్ తొందరగా మూసుకునేలా చేసిన తలలు దొరుకుతాయి. పింగ్‌లో ఎస్ఎఫ్‌టీ అని రాసి ఉంటుంది, వేరే కంపెనీల్లో డి అనో డ్రా అనో ఉంటుంది. వెంటనే వాటి మీదికి పోవద్దు. ముందు షాఫ్ట్ తేలిక చేసి, లాఫ్ట్ పెంచి చూడండి, లాఫ్ట్ ఎక్కువైతే పక్క తిప్పుడు దానంతట అదే కొంత తగ్గుతుంది. అప్పటికీ పదిలో రెండు కుడికే పోతుంటే అప్పుడు ఆలోచిద్దాం. మెడ దగ్గర స్క్రూతో డిగ్రీలు మార్చుకునే క్లబ్ దొరికితే ఇంకా మంచిది, లాఫ్ట్ ఒక డిగ్రీ పెంచితే ఫేస్ కూడా కొద్దిగా మూసుకుంటుంది, రెండూ మనకు పనికొచ్చేవే.

మన నేల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లీషు వీడియోల్లో చెప్పేది చాలావరకు మెత్తటి, తడి నేలల మాట. మనం ఆడే ఫెయిర్‌వేల (గడ్డి పొట్టిగా కోసి ఉంచే దారుల) మీద ఎక్కువగా ఉండేది బెర్ముడా గడ్డి, అంటే మన గరికే. వానాకాలం తర్వాత గరిక దట్టంగా ఉన్నప్పుడు బంతి దాని మీద కూర్చుంటుంది, టీ మీద పెట్టినట్టే, ఏ క్లబ్ అయినా కొట్టొచ్చు. ఫిబ్రవరి దాటాక గరిక ఎండి పలచబడుతుంది, బంతి కింద నేల కనిపిస్తుంది. ఆ నేల మీద అడుగు భాగం, అంటే సోల్, మరీ వెడల్పుగా గుండ్రంగా ఉన్న క్లబ్ బంతికి కొంచెం వెనక నేలకు తగిలినా ఎగిరి బంతి నడుముకు తగులుతుంది. అందుకని సోల్ వెడల్పు ఉండొచ్చు గానీ ముందు అంచు నేలకు దగ్గరగా కూర్చోవాలి. గట్టి సిమెంటు గచ్చు మీద క్లబ్ పెట్టి, ముందు అంచు కింద ఒక విజిటింగ్ కార్డు దోపి చూడండి, ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది. కోబ్రా వాళ్ళ బాఫ్లర్‌కూ క్లీవ్‌ల్యాండ్ హాలోకూ అడుగున పట్టాల్లాంటివి ఉంటాయి, గరిక దట్టంగా ఉన్నప్పుడు, రఫ్‌లో (ఫెయిర్‌వే పక్కన పెరిగిన గడ్డిలో), అవి చక్కగా జారిపోతాయి. ఎండిన నేల మీద మాత్రం మీరే కొట్టి చూసి తేల్చుకోండి.

మోడళ్ళు అడిగారు కాబట్టి క్లుప్తంగా. పింగ్ జి సిరీస్ మ్యాక్స్ ఏదైనా, నాలుగైదేళ్ళ పాతదైనా నిశ్చింతగా తీసుకోవచ్చు. కాలవే, టేలర్‌మేడ్‌లలో పేరు చివర మ్యాక్స్ ఉన్నవి మీకు, ఎల్ఎస్ అనో ట్రిపుల్ డైమండ్ అనో ఉన్నవి వేగం ఉన్నవాళ్ళకు, వాటి జోలికి పోవద్దు. జెక్సియో అని జపాన్ డన్‌లప్ వాళ్ళది, 2000 నుంచి వస్తోంది, మొదటినుంచీ నెమ్మది స్వింగ్ వాళ్ళ కోసమే తేలికగా చేస్తారు. ధర ఎక్కువ గానీ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వదలొద్దు. డబ్బు ఎక్కువ పెట్టడం ఇష్టం లేకపోతే డెకాథ్లాన్‌లో ఇనెసిస్ చూడండి, నేర్చుకునేవాళ్ళకు సరిపోతుంది.

కొనేముందు పరీక్ష ఇలా చేయండి. బెంగళూరులో లాంచ్ మానిటర్ (బంతి వేగం, ఎత్తు, దూరం కొలిచే యంత్రం) ఉన్న చోట్లు ఉన్నాయి, గంట తీసుకోండి. అక్కడ అమ్మేవాళ్ళు అన్నిటికన్నా దూరం పోయిన బంతిని చూపిస్తారు. మీరు దాన్ని చూడొద్దు. పది బంతులు కొట్టి, అన్నిటికన్నా చెడ్డ మూడు బంతులు ఎక్కడ పడ్డాయో చూడండి. రెండు క్లబ్బుల మధ్య తేల్చుకోలేకపోతే చెడ్డ మూడు బాగున్న క్లబ్ తీసుకోండి. తర్వాత క్యారీ, అంటే దొర్లుడు లేకుండా గాలిలో పోయిన దూరం. ఆ తర్వాత ఎత్తు, మూడు నాలుగు అంతస్తుల మేడంత ఎత్తన్నా లేవాలి. ఒక వైట్‌బోర్డు మార్కర్ పట్టుకెళ్ళి బంతి మీద పెద్ద చుక్క పెట్టి ఆ చుక్కను ఫేస్ వైపు ఉంచి కొట్టండి, ఫేస్ మీద ఎక్కడ తగిలిందో సిరా మచ్చ చెప్తుంది. మచ్చలన్నీ కింది అంచున ఉంటే ఆ ఫేస్ మీకు ఎత్తు. ఒక్క జాగ్రత్త, మ్యాట్ మీద కొట్టినప్పుడు క్లబ్ ముందే నేలకు తగిలినా జారి బంతికి బాగానే తగులుతుంది, మ్యాట్ మన తప్పును దాచేస్తుంది. గడ్డి ఉన్న చోట కనీసం పది బంతులు కొట్టకుండా డబ్బు ఇవ్వొద్దు.

ఇంకో మాట, బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, మన అనంతపురం 335 దగ్గర. ఎత్తులో గాలి పలచన, సముద్రమట్టంతో పోలిస్తే బెంగళూరులో బంతి మూడు శాతం దాకా ఎక్కువ పోతుంది, 150 గజాలకు నాలుగైదు గజాలు. అక్కడ కొలిచిన దూరాన్ని హైదరాబాదులో గోల్కొండ దగ్గర ఆడేటప్పుడు నమ్ముకుంటే పొట్టిగా పడుతుంది, అది గుర్తుంచుకోండి.

సెకండ్ హ్యాండ్ కొంటే ఫేస్ మీద వేలితో తడిమి చూడండి, గుంట పడి ఉండకూడదు. తలను చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల ఏదీ గలగలలాడకూడదు. పైభాగంలో సన్నటి పగుళ్ళు ఉన్నాయేమో ఎండలో చూడండి. కొత్త మోడల్ సగం ధరకే ఆన్‌లైన్‌లో కనిపిస్తే కొనొద్దు, నకిలీలు చాలా తిరుగుతున్నాయి. ఒకసారి నేను అలా మోసపోయాను, మూడో నెలకే తల ఊడి వచ్చింది. అది గాలిలో వెళ్ళి ముందు నడుస్తున్న క్యాడీ పక్కన పడింది, ఇప్పటికీ తల్చుకుంటే గుండె ఝల్లుమంటుంది. ఆ అబ్బాయికి తగిలి ఉంటే ఏమయ్యేదో.

హైబ్రిడ్ (ఐరన్‌కూ వుడ్‌కూ మధ్యరకం కర్ర) కొనుక్కోమని మీకు చాలామంది చెప్పి ఉంటారు. తప్పేమీ లేదు. 22 డిగ్రీల హైబ్రిడ్, 22 డిగ్రీల సెవెన్ వుడ్ రెండూ ఒకటే అనుకోవద్దు గానీ. హైబ్రిడ్ షాఫ్ట్ పొట్టి, తల చిన్నది, పొడవు గడ్డిలోంచి బాగా వస్తుంది, ఐరన్ లాగా పైనుంచి కొట్టేవాళ్ళకు కుదురుతుంది. సెవెన్ వుడ్‌కు బరువు వెనక ఉంటుంది కాబట్టి బంతి ఎత్తుగా లేస్తుంది, మెత్తగా దిగుతుంది. నేను సంచిలో రెండూ ఉంచుకున్నాను, 22 వుడ్, 25 హైబ్రిడ్. ఫోర్ ఐరన్, ఫైవ్ ఐరన్ తీసేశాను. నియమం ప్రకారం పద్నాలుగు క్లబ్బులే ఉండాలి కదా, ఆ రెండూ తీస్తే చోటు దొరుకుతుంది, నిజం చెప్పాలంటే ఆ రెండూ మన వేగానికి త్రీ వుడ్ కన్నా కష్టమైనవి.

గాలి సంగతి ఎవరైనా ఎత్తుతారు, సెవెన్ వుడ్ ఎత్తుగా పోతుంది, గాలికి ఆగదు అని. ఆషాఢం గాలి తెలిసినవాళ్ళం, రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. నా అనుభవంలో ఎదురుగాలికి ఎక్కువ దెబ్బతినేది వేగం, తిప్పుడు రెండూ ఎక్కువున్న బంతి. మనది అంత తిరగదు. ఎదురుగాలి బాగా ఉన్న రోజు గ్రిప్ మీద అంగుళం కిందికి పట్టుకుని, బంతిని పాదాల మధ్య ఒక బంతి వెడల్పు వెనక్కి జరిపి, ముప్పావు స్వింగ్‌తో కొట్టండి. తక్కువ ఎత్తులో పోతుంది. దానికోసం త్రీ వుడ్ మోయనక్కర్లేదు.

కొట్టే పద్ధతి కూడా రెండు ముక్కల్లో. బంతి ఎడమ మడమకు లోపల రెండు బంతుల దూరంలో ఉండాలి, డ్రైవర్ అంత ముందుకు వద్దు. ఐరన్‌తో పార వేసినట్టు కొంచెం నేలలోకి దిగొచ్చు, వుడ్‌తో మాత్రం కొడవలితో గడ్డి కోసినట్టు కొట్టాలి. కొడవలి పట్టినవాడు నేలను గుచ్చడు, గడ్డిని ఎత్తడు, నేలకు ఆనించి అడ్డంగా ఊడుస్తాడు. బంతి పడ్డచోట గరిక కొసలు తెగి ఉండాలి, మట్టి లేవకూడదు. ప్రాక్టీసులో బంతి లేకుండా ఇరవైసార్లు గరిక కొసలు కోస్తున్నట్టు ఊడ్చండి, ప్రతిసారీ సోల్ నేలను తాకే చప్పుడు ఒకే చోట రావాలి. అది కుదిరాక బంతి పెట్టండి. మొదట అర అంగుళం టీ మీద, వారం తర్వాత నేల మీద. వేగం పెంచాలని చూడొద్దు, నేను చూసినవాళ్ళలో వేగం పెంచాలనుకున్న ప్రతివాళ్ళకూ మొదట నడుము నొప్పే వచ్చింది.

కీళ్ళనొప్పులు ఉంటే గ్రిప్ ఒక సైజు లావు వేయించుకోండి, పట్టు బిగించకుండానే నిలుస్తుంది.

ఇక అబ్బాయి కొనిచ్చిన త్రీ వుడ్. దాన్ని అమ్మేయమని నేను చెప్పను, పిల్లలు ప్రేమగా ఇచ్చింది. షాఫ్ట్ మీద ఏ అక్షరం ఉందో, పక్కన గ్రాముల అంకె ఏముందో చూడండి. మెడ దగ్గర స్క్రూ ఉంటే లాఫ్ట్ 16.5 దాకా పెంచి, అదే కంపెనీ సీనియర్ షాఫ్ట్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే బిగించుకోవచ్చు, స్క్రూ తిప్పితే మారిపోతుంది. అప్పుడు దాన్ని నేల మీద కాకుండా, ఇరుకు హోల్స్‌లో డ్రైవర్‌కు బదులు టీ మీద పెట్టి కొట్టండి, అక్కడ అది మీకు పనికొస్తుంది. అబ్బాయికి కూడా సంతోషంగా ఉంటుంది. స్క్రూ లేకపోతే ఇంట్లో ఉంచండి. ఆ అక్షరం, అంకె ఇక్కడే రాయండి సార్, చూసి చెప్తాను. వచ్చే నెల మొదటి ఆదివారం నేను బెంగళూరు వస్తున్నాను, మీరూ అప్పటికి అక్కడే ఉంటే కొనేముందు నా 22 డిగ్రీల సెవెన్ వుడ్‌తో ఒక బుట్ట బంతులు కొట్టి చూడండి.